హాకలా ఖాళీ మేకు

కల్లియో ఊళ్ళో ఇనపసామాన్ల కొట్టుకి గొళ్ళెం కోసం వెళ్ళినవాడు గొళ్ళెంతో బయటపడాలంటే ఒక పూట పట్టేది. కారణం కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చునే వెర్నర్ హాకలా. సెప్టెంబరులో ఆకులు రంగు మారడం మొదలైతే చాలు, కొట్టుకొచ్చిన ప్రతివాడూ బాణాల గురించి అడగడానికే వచ్చాడని ఆయన నమ్మకం. అడక్కపోతే పాపం మొహమాటపడుతున్నాడని ఇంకో నమ్మకం.

"టర్కీ కోడి ఎడమ రెక్క ఈకది ఒక వంపు, కుడి రెక్క ఈకది ఇంకో వంపు. ఒక బాణానికి కట్టే మూడు ఈకలూ ఒకే రెక్కవై ఉండాలి. రెండూ కలిపి కట్టావో, నీ బాణం తాగినోడు ఇంటికెళ్ళినట్టు వెళ్తుంది," అనేవాడు.

"నాక్కావలసింది గొళ్ళెం, హాకలా గారూ."

"ఇస్తాన్లే, ఆగు. ఈకల సంగతి సరే, ములికి మాటేంటి?"

ములికి మాటొచ్చిందంటే ఇక పొద్దు గూకాల్సిందే. రెండంచులదా, మూడంచులదా. రెండు పక్కలా సాన పట్టిందా, ఒక్క పక్కే పట్టిందా. ఒక్క పక్కే అయితే అది ఈకల వంపుతో కలిసి తిరిగేదేనా, లేక ఈకలు ఒకవైపు తిప్పుతుంటే ములికి ఇంకోవైపు లాక్కునే ముదనష్టపు జతా. బరువైన ములికి తగిలిస్తే దేవదారు పుల్ల విల్లు దాటేటప్పుడు పామల్లే మెలి తిరుగుతుంది. తేలికది తగిలిస్తే ఎముక దగ్గర ఆగిపోతుంది. ఇవన్నీ నిజాలే. ఆయన చెప్పేదాంట్లో తప్పు పట్టడం ఆ చుట్టుపక్కల ఎవడికీ చేతకాలేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఇన్ని నిజాలు తెలిసిన మనిషి ఇరవై ఏళ్ళ పైచిలుకు వేటలో ఒక్క బాణం కూడా వదల్లేదు.

ఆ సంగతి ఆయన ఇంకోలా చెప్పుకునేవాడు. "వెళ్ళి మా గుడిసెలో గోడ చూసుకో. నా మేకు ఖాళీ."

ఆ గుడిసె ఆయన భార్యకి అన్నగారైన ఒన్ని లెహ్తోది. సుపీరియర్ సరస్సుకి దక్షిణాన, చిత్తడి అడవి అంచున, దుంగలతో కట్టింది. అందులో అడుగుపెట్టాలంటే చెక్క విల్లు ఉండాలి. చక్రాలూ తీగలూ ఉన్న యంత్రపు విల్లు తెచ్చినవాణ్ణి ఒన్ని ఆవిరి స్నానాల సౌనా గదిలో కూడా పడుకోనివ్వడు. లోపల పొయ్యి వెనక గోడకి మేకులు వరసగా కొట్టి ఉంటాయి, మనిషికొకటి. దుప్పి మీద బాణం వేసి రక్తం చూడకుండా తిరిగొచ్చినవాణ్ణి అదే రోజు భోజనాల బల్ల ముందు నిలబెట్టి, చొక్కా వెనక తోకలా వేలాడే గుడ్డ కత్తెరతో కోసి, వాడి మేకుకి తగిలిస్తారు. ఒన్ని మేకుకి ఎరుపు గళ్ళవీ, ఆకుపచ్చ గళ్ళవీ అట్టలు కట్టి వేలాడుతున్నాయి. గనిలో పనిచేసి మానేసిన జోరీ ట్రెగియర్‌కీ ఉన్నాయి. ఒన్ని కూతురు సిల్వీ, దుంగల లారీ తోలే పిల్ల, దానికీ ఒకటుంది, పూలది. వెర్నర్ మేకు మాత్రం కొట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కాస్త తుప్పు పట్టింది, అంతే.

బాణం వెయ్యనివాడి మేకు ఖాళీగా కాక ఎలా ఉంటుంది? కానీ కొట్టుకొచ్చినవాళ్ళకి అంత లోతు తెలియదు. ఎన్నడూ గురి తప్పని మనిషి అనుకుని ఆయన చెప్పిన ఈకలే కొనుక్కుపోయేవాళ్ళు. కౌంటర్ మీద ఆయన మాటకున్న విలువంతా ఆ ఖాళీ మేకుకే వేలాడుతోందని వెర్నర్‌కి బాగా తెలుసు. అందుకే ఎంత మంచి దుప్పి మంచె కిందకొచ్చినా ఆయనకి ఏదో ఒక లోటు కనిపించేది. ఒక ఏడు ఈక తడిసింది. ఒక ఏడు ములికి అంచులో వెంట్రుకంత నొక్కు. ఒక ఏడు గాలి. ఇంకో ఏడు దుప్పి సరిగ్గా పక్కకి తిరిగి నిలబడలేదట. పాపం దానికి ఎవరు చెప్తారు ఎలా నిలబడాలో.

ఆ నవంబరులో ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. మరీ మంచి బాణం తయారుచేశాడు.

విల్లు వేట ఆఖరి రోజుకి ముందురోజు మధ్యాహ్నం, గుడిసెలో బల్ల మీద దాన్ని పడుకోబెట్టి అందరికీ చూపించాడు. వేట ఆఖరి రోజుల్లో మంచుతో కలిసిన వాన పడుతుందని రేడియోలో ముందునుంచీ చెప్తున్నారు. అందుకని టర్కీ ఈకలు పక్కన పెట్టి, బూడిద రంగు పెద్దబాతు ఈకలు కట్టాడు. ముందు కొసలకి పట్టుదారం చుట్టి, దాని మీద లక్క రాశాడు.

"టర్కీ ఈక తడిస్తే గోడకి అంటుకుపోయిన ఎండుటాకే. బాతు జన్మంతా నీళ్ళలోనే కదా. దాని ఈకకి వానంటే లెక్కేంటి!" అన్నాడు. తరవాత ములికితో ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించాడు. సబ్బు కూడా అక్కర్లేకపోయింది.

"జాగ్రత్త బావా," అన్నాడు ఒన్ని కాఫీ పోసుకుంటూ. "నువ్వసలే రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నావు. గడ్డం గీసుకునేటప్పుడు కూడా నిన్నో కంట కనిపెట్టమని మా చెల్లి చెప్పి పంపింది."

"నా చెయ్యి నాకు తెలుసు."

"సరే. అయితే ఈకకి లోటు లేదంటావు?"

"లేదు."

"ములికికి?"

"చూశావుగా."

"గాలి?"

"ఈ బాణానికి గాలి ఎటున్నా ఒకటే."

"పుల్ల?"

"గీత గీసినంత తిన్నగా ఉంది. దీనికి లోటనేదే లేదు బావా, రాసిస్తాను."

పొయ్యి దగ్గర మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్న సిల్వీ వెనక్కి తిరిగింది. "అన్నీ అయిపోయాయి కదా మావయ్యా. ఇంక మీ చెయ్యొకటే మిగిలింది."

ట్రెగియర్ తింటున్న మాంసం కూరిన పేస్టీ ముక్క గొంతుకడ్డం పడి దగ్గేదాకా నవ్వాడు. వెర్నర్‌కి అప్పుడు తెలిసొచ్చింది, ఇన్నేళ్ళుగా ఒక్కొక్కటీ పోగేసుకున్న సాకులన్నీ తన నోటితోనే బల్ల మీద పారబోసుకున్నానని.

ఆఖరి రోజు పొద్దున మంచె మీద కూర్చుని ఆయన మొక్కుకున్నంత పనిచేశాడు, దుప్పి రాకూడదని. వచ్చింది. కొమ్ములు బారెడున్నాయి. ఏరు దాటి, మంచె ముందుకొచ్చి, పుస్తకంలో బొమ్మకి నిలబడినట్టు సరిగ్గా పక్కకి తిరిగి నిలబడింది. వాన ఇంకా మొదలవలేదు. గాలి లేదు. వెర్నర్ మనసు లోటు కోసం ఈక నుంచి ములికికీ, ములికి నుంచి ఈకకీ పరిగెత్తింది. దొరకలేదు. ఇంక గత్యంతరం లేక విల్లు లాగాడు.

లాగగానే మంచె పలకలు టకటకమన్నాయి. ఎడమ చెయ్యి, కౌంటర్ మీద ఇరవై ఏళ్ళు ఊపిన ఆ చెయ్యే, ఇప్పుడు గురి మీద తప్ప అన్నిచోట్లకీ ఊగింది. వేళ్ళు వాటంతటవే జారాయి. బాణం చక్కగా, నున్నగా, ఒక్క వంకర లేకుండా వెళ్ళింది. ఆయన చెప్పినదంతా నిజమని రుజువు చేస్తూ వెళ్ళి దుప్పి పొట్ట కింద నుంచి దూరి, ఏటి అవతల కుళ్ళిన దుంగలో దిగబడింది. దుప్పి ఒక్క గంతు వేసి, తెల్లతోక ఎత్తి, గుట్టమీదుగా మాయమైంది.

పక్క మంచె ఒన్నిది. నారి మోత ఆయనకి వినపడింది. అరవై దాటిన మనిషి నిచ్చెన మెట్లు కూడా పూర్తిగా దిగకుండా దూకి, కొమ్మలు విరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"వేశావా! బావా, వేశావా! ఇన్నాళ్ళకి నా చెవులారా విన్నాను! తగిలిందా?"

కింద నిలబడి పైకెత్తిన ఆ మొహంలో ఒక్క పిసరు వెక్కిరింత లేదు. అదే వెర్నర్ కొంప ముంచింది. వెక్కిరించి ఉంటే లేదనేవాడేమో. గోడ మీద మేకు కళ్ళ ముందు ఆడింది.

"తగిలింది," అన్నాడు.

"ఎక్కడ?"

"ముందుకాలి వెనక."

"ఎటు పోయింది?"

వెర్నర్ గుట్టవైపు కాక, చిత్తడివైపు చెయ్యి చూపించాడు. మోకాలి లోతు బురద, దాని మీద అల్లుకున్న పొదలు. అందులో ఎవడూ ఎక్కువసేపు వెతకడని ఆయన లెక్క. ఒన్ని నిచ్చెన ఎక్కి, చెయ్యి అందక ఆయన బూటునే పట్టుకుని కరచాలనంలా గట్టిగా ఊపి, "కదలకు. వెంటపడితే ఇంకా దూరం పోతుంది, కాసేపు పడుకోనిద్దాం దాన్ని. నే వెళ్ళి వాళ్ళని పిలుచుకొస్తా," అని మళ్ళీ పరుగు తీశాడు.

ఆయన అటు వెళ్ళగానే వెర్నర్ దిగి, ఏరు దాటి, దుంగలోంచి బాణం పీకాడు. ఒక్క చుక్క రక్తం లేదు. ఈకలు నిన్న కట్టినట్టే ఉన్నాయి. దాన్ని మోకాలికేసి విరిచి ఏట్లో పారేస్తే కథ అయిపోయేది. మోకాలు ఎత్తాడు కూడా. మూడు వారాల పని. ఒకే రెక్కవి, ఒకే వెడల్పువి మూడు ఈకలు దొరకడానికి ఎన్ని బాతు రెక్కలు తిరగేశాడని! విరవలేకపోయాడు. పక్కనే తొర్రపడిన దేవదారు చెట్టుంటే అందులో నిలబెట్టి, మీద నాచు కప్పి వచ్చాడు. అబద్ధమాడటానికి అడ్డురాని మనసు ఆయనకి ఈకల దగ్గర అడ్డొచ్చింది.

సిల్వీ ఆ పొద్దున తన మంచె వదిలి వచ్చింది. మూడు వారాలుగా ఆమె కనిపెట్టుకున్న దుప్పి ఒకటి అటే తిరుగుతోంది. మర్నాటి నుంచి తుపాకులవాళ్ళు దిగుతారు, ఇంక అది దొరకదు. అయినా గుడిసె కట్టుబాటు ప్రకారం గాయపడ్డ జంతువుని వెతకడానికి అందరూ రావాలి, దొరికేదాకా వెతకాలి. ట్రెగియర్ కీళ్ళ నొప్పుల కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"కంగ్రాట్స్ మావయ్యా," అంది సిల్వీ, మొహం చిన్నబోయినా. వెర్నర్ పెద్దమనిషిలా తలూపాడు.

వాన మొదలైంది, దాంతోపాటు సూదుల్లాంటి మంచు. ఆ చిత్తడిలో వాళ్ళు మనిషికి మనిషి చెయ్యి చాపినంత ఎడంలో వంగుని ప్రతి ఆకూ తిరగేశారు. ట్రెగియర్ నాచు మీద కాలేసి నడుం దాకా దిగబడ్డాడు. ఇద్దరు పట్టి లాగితే మనిషి వచ్చాడు గానీ ఒక బూటు రాలేదు. ఆ కాలికి గోనెపట్టా చుట్టుకుని మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు.

"ఇంటికి పో జోరీ," అన్నాడు వెర్నర్, కొంచెం సిగ్గుపడి.

"పోతే ఎలా? వెర్నర్ హాకలా దుప్పిని కొట్టాడు. ఇది చూడకుండా చచ్చిపోతే పైన మా నాన్న నన్ను లోపలికి రానివ్వడు."

మధ్యాహ్నం దాటినా ఎవరూ ఆగలేదు. వెర్నర్ లెక్క తప్పింది. తనకోసం వీళ్ళు ఇంతసేపు వెతుకుతారని ఆయన అనుకోలేదు, ఎందుకంటే వీళ్ళకోసం తనైతే వెతకడు. చివరికి ఒన్ని నడుం పట్టుకుని లేచాడు.

"ఒక్క చుక్క లేదేంటి బావా? అంత పదునుకి కుండ పగిలినట్టు కారాలి కదా."

సిల్వీ ఆయన వంక తిన్నగా చూసింది. "మావయ్యా, నిజంగానే తగిలిందా?"

"నా మీదే అనుమానమా! నా కళ్ళతో చూశాను."

అన్నాడు గానీ, ఇంకాసేపట్లో ఆ ప్రశ్న ఇంకోసారి వస్తుందని తెలుసు. పొద చాటుకెళ్ళి అమ్ములపొదిలోంచి ఇంకో బాణం తీశాడు. బొటనవేలి కొస ములికికి ఆనించి చిన్నగా నొక్కాడు. ఒక్క చుక్క చాలు. కానీ సాన పట్టింది వెర్నర్ హాకలా. ఆయన పదును గురించి ఇన్నేళ్ళూ చెప్పినది అక్షరాలా నిజమని ఆ క్షణంలో ఆయన వేలికి అర్థమైంది. ములికి వెన్నలోకి దిగినట్టు ఎముక దాకా దిగింది.

ఆకుకి రాశాడు. "ఇదిగో! ఇక్కడుంది! రక్తం!" అని అరిచాడు.

ఒన్ని ఎగిరి గంతేశాడు. ట్రెగియర్ గోనెపట్టా కాలితోనే పరిగెత్తాడు. వాళ్ళు ఆ ఆకు చుట్టూ మూగి ఉండగా వెర్నర్ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, "నేనటు చూసొస్తా," అంటూ వెనక్కి జారుకున్నాడు. జేబులో రుమాలు తడిసింది. జేబు తడిసింది. మాత్రల మహిమ, వేలు ఆగే రకం కాదు. అప్పుడాయనకి గొప్ప ఆలోచన తట్టింది. ఇంత రక్తం ఊరికే పోవడం దేనికి? తొర్రలో బాణం ఉంది కదా. దానికి పూసి తెచ్చి చూపిస్తే, దూసుకుపోయిన బాణం దొరికినట్టే. దుప్పిని వాన మింగేసిందంటే సరి. ఏటివైపు అంగలు వేశాడు.

వెనక ఆ ఆకు దగ్గర సిల్వీ ఇంకో చుక్క చూసింది. తరవాత ఇంకోటి. నాచు మీద, వేరు మీద, ఎండిన ఫెర్ను మీద. తాజాగా, పుష్కలంగా, వాన కూడా కడగలేనంత.

"ఏటివైపు పోతోంది," అని గుసగుసలాడాడు ఒన్ని. "దెబ్బ తిన్నది నీళ్ళకేసే పోతుంది. ఎవరూ మాట్లాడకండి. దగ్గర్లోనే ఉంది."

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వంగుని, ఊపిరి బిగబట్టి, పుల్ల విరగనివ్వకుండా నడిచారు. సిల్వీ బాణం కూడా సంధించింది, ఇంకా ప్రాణముంటే బాధ తీర్చడానికి. చుక్కలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. తొర్ర చెట్టు అవతల ఏదో కదిలింది. ఒన్ని చెయ్యెత్తి అందర్నీ ఆపి, మెల్లిగా తల వంచి చూశాడు.

వెర్నర్ హాకలా గొంతుక్కూర్చుని, బాణం ఒళ్ళో పెట్టుకుని, బాతు ఈకలకి బొటనవేలితో రంగు వేస్తున్నాడు. రెండింటికి పూశాడు. మూడోది పాడుచెయ్యడానికి చేతులు రాక, దాని వంక చూస్తూ ఉన్నాడు.

ఒన్ని పక్కకి జరిగి మిగతా ఇద్దరికీ చూపించాడు.

"దొరికింది," అంది సిల్వీ, నారి మీంచి బాణం దించి.

వెర్నర్ లేవబోయి కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. "బావా, అది... ములికి బరువు కొంచెం ఎక్కువైంది. కొత్త పుల్లకి అంత బరువు..."

"నోరు ముయ్యి," అన్నాడు ఒన్ని. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "సిల్వీ, ముందా వేలు చూడు. వీడు ఇక్కడ చస్తే మా చెల్లికి ఏం చెప్పను, వీడి బాణమే వీణ్ణి కొట్టిందనా?"

సిల్వీ వేలు బిగించి కట్టి, లారీలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ నర్సు ఎలా తెగిందని అడిగితే, "వేటలో గాయపడ్డారు. రోజంతా వెతికి పట్టుకున్నాం," అంది. కుట్లు వేసి పంపారు.

తిరిగొచ్చేసరికి గుడిసెలో భోజనాలకి కూర్చున్నారు. బంగాళదుంపల చారు పొగలు కక్కుతోంది. ట్రెగియర్ పొయ్యికి పాదాలు చాపి కూర్చున్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. వెర్నర్ గడపలో నిలబడి అందరి వంకా చూశాడు. తిడతారని దారంతా సిద్ధపడి వచ్చాడు, జవాబులు కూడా కూర్చుకున్నాడు. ఈకల గురించి కొంత, వాన గురించి కొంత. ఎవరూ అడగలేదు.

చివరికి కోటు విప్పాడు. ప్యాంటులోంచి చొక్కా తోక బయటికి లాగాడు. కట్టు కట్టిన చేత్తో గోడ మీది కత్తెర తీసి, బల్ల దగ్గరికొచ్చి ఒన్ని ముందు పెట్టి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"కొయ్యి బావా."

ఒన్ని చెంచా ఆపి కత్తెర వంక చూశాడు. "దేనికి?"

"తప్పాను కదా. కట్టుబాటు."

"కట్టుబాటేంటి? బాణం వేసి రక్తం చూడనివాడికి కొయ్యాలి." ఒన్ని రొట్టె తుంచి చారులో ముంచాడు. "నువ్వు చూశావుగా. మేమూ చూశాం. చుక్క చుక్కా చూసుకుంటూ వచ్చాం. ఆ లెక్కన నువ్వు తప్పలేదు."

"మంచి రక్తం," అన్నాడు ట్రెగియర్. "ఇన్నేళ్ళలో ఇంత సుళువైన జాడ నేనెప్పుడూ పట్టలేదు."

"బావా, వెటకారాలొద్దు. కొయ్యి. అందరికీ కోసినట్టే నాకూ కొయ్యి."

"అందరూ వచ్చి తప్పామని చెప్పారు. ఆ గుడ్డలు వాళ్ళవి." ఒన్ని కత్తెర తీసుకెళ్ళి మళ్ళీ గోడకి తగిలించాడు. "నీ మేకు ఖాళీగానే ఉంటుంది. నువ్వు కోరుకున్నదేగా. రేపు కొట్లో అడిగినవాళ్ళకి చెప్పుకో, ఖాళీ అని. మేమూ చెప్తాం, ఎందుకు ఖాళీయో."

కల్లియో ఎంత ఊరని. రేపు మధ్యాహ్నానికి గొళ్ళెం కోసం వచ్చినవాడు కూడా గొళ్ళెం మర్చిపోయి మేకు గురించే అడుగుతాడు. రంపం కోసం వచ్చినవాడు వేలెలా ఉందంటాడు. వెర్నర్‌కి అదంతా కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నట్టే కనిపించింది. చొక్కా తోక పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని. ట్రెగియర్ ఉప్పు అడిగాడు. సిల్వీ అందించింది.

"సిల్వీ, నువ్వైనా కొయ్యమ్మా," అన్నాడు వెర్నర్.

సిల్వీ ఇంకో గిన్నెలో చారు పోసి ఆయన చోట పెట్టింది.

"చొక్కా లోపలికి దోపుకోండి మావయ్యా," అంది. "నడుముకి చలి పడుతుంది."